ఉప్పుగాలిలో విద్యుత్ టాక్సీ: ఎఫ్.సి.ని నమ్ముకోవచ్చునా?

అండమాన్, నికోబార్ దీవులలో 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రతి నూరుమందిలో 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి ఓడలో వచ్చి జంగ్లీఘాట్, హడ్డో ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలలో వల విడిచి స్టీరింగు పట్టినవారు ఉన్నారు. అటువంటివారు ఇప్పుడు వాహన ఋణం కొరకు వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటున్నది. "బాబూ, కరెంటు కారైతే ఎఫ్.సి.కి ఇబ్బందుండదంట కదా? ఇంజనే నేదు, పొగే నేదు, ఇంక ఫెయిలవడానికేటుంది?"

ఈ మాట వారు కల్పించినది కాదు. దుకాణంలో విన్నదే. అందులో సగం నిజమున్నది. మిగిలిన సగం తెలియక ఋణం తీసుకొన్నవారికి రెండవ సంవత్సరం చివర కష్టం ఎదురవుతుందని నా అభిప్రాయం.

ముందుగా చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988, 56వ సెక్షను ప్రకారం అద్దెకు తిరిగే వాహనానికి ఫిట్‌నెస్ పత్రం లేనియెడల దాని రిజిస్ట్రేషను చెల్లుబాటులో ఉన్నట్లు పరిగణించరు. కొత్త వాహనానికి మొదటి 2 సంవత్సరాలు పరీక్ష అక్కరలేదు. 2018 నవంబరు సవరణ తరువాత 8 సంవత్సరాలు నిండేవరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటేటా పరీక్షకు వెళ్లవలసి ఉంటుంది. సొంతానికి వాడుకొనే కారుకు ఈ బాధ లేదు. దాని రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. 2018 అక్టోబరులో బ్యాటరీ వాహనాలకు పర్మిటు నుండి మినహాయింపు ఇచ్చారు. పొగ పరీక్ష పత్రం కూడ వీటికి అక్కరలేదు. ఈ రెండు మినహాయింపులను చూసి ఎఫ్.సి. కూడ అక్కరలేదని కొందరు భ్రమపడుతున్నారు. పచ్చ పలకపై పసుపు అక్షరాలున్న ప్రతి టాక్సీకి ఎఫ్.సి. తప్పదు.

మన వైపు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును జనం "బ్రేక్ ఇన్‌స్పెక్టరు" అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989, 62వ నియమం క్రింద ఇచ్చిన పట్టిక చూడండి. స్పార్కు ప్లగ్గు, సైలెన్సరు, పొగ అనే అంశాలు విద్యుత్ కారుకు వర్తించవు. డీలరు చెప్పేది ఈ మూడు మెట్ల సంగతి. కాని అదే పట్టికలో బ్రేకులున్నాయి, స్టీరింగు ఉన్నది, హెడ్‌లైటు కాంతి పడే తీరు ఉన్నది, మిగిలిన దీపాలు, రిఫ్లెక్టర్లు, అద్దాలు, హారను, వైపరు, స్పీడోమీటరు ఉన్నాయి. ఇంజను లేనంత మాత్రాన ఇవేవీ పోలేదు.

విద్యుత్ కార్లు మనకంటె చాల ముందుగా రోడ్డెక్కిన దేశాలలో ఏమి జరిగినదో చూడటం మంచిది. జర్మనీలో కొత్త కారు 3 సంవత్సరాలకు మొదటి పరీక్షకు వెళ్తుంది. అక్కడ పరీక్షలు జరిపే ట్యూఫ్ సంస్థలు ఏటా ఫలితాలను ప్రకటిస్తాయి. 2023 నవంబరులో వెలువడిన నివేదికలో, 2-3 సంవత్సరాల వయస్సు గల కార్లలో అన్నిటికన్న చివర నిలిచినది టెస్లా మోడల్ 3. పరీక్షకు వచ్చిన వాటిలో 14.7 శాతం వాహనాలలో గణనీయమైన లోపాలు కనిపించాయి. అదే నివేదికలో రెనో జోయిలో ఆ లోపాలు 5.7 శాతం, ఫోక్స్‌వాగన్ ఇ-గోల్ఫ్‌లో 2.6 శాతం మాత్రమే. మూడూ విద్యుత్ కార్లే. కనుక "విద్యుత్ కారు పరీక్షలో నెగ్గునా?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. గమనించవలసినదేమనగా, టెస్లాను వెనుకకు లాగినవి బ్యాటరీ, మోటారు కావు. బ్రేకు డిస్కులు, దీపాలు, ముందు-వెనుక ఇరుసుల సస్పెన్షను. ఆ కారుకు ఏటేటా సర్వీసు తప్పనిసరి కాదు. సర్వీసుకు వెళ్లని కారు క్రింద ఏమున్నదో పరీక్ష రోజు వరకు ఎవరూ చూడరు. నా దృష్టిలో అసలు కారణం అదే.

ఇప్పుడు మన దీవులకు వద్దాం. పెట్రోలు కారులో బ్రేకు తొక్కిన ప్రతిసారి ప్యాడ్లు డిస్కును ఒరుసుకొని దానిపై తుప్పును చెరిపివేస్తాయి. విద్యుత్ కారులో యాక్సిలరేటరు నుండి కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి బండిని నెమ్మదింపజేస్తుంది, ఆ శక్తి బ్యాటరీకి తిరిగి చేరుతుంది. డ్రైవర్లు దీనిని "రీజెన్" అంటారు. నగరంలో నేర్పుగా నడిపేవారు అసలు బ్రేకును రోజుకు కొద్దిసార్లే వాడుతారు. ప్యాడ్లు అరగవు. అరగకపోవడం లాభమని అందరూ అనుకొంటారు, చాల చోట్ల లాభమే. కాని వాడని డిస్కు తుప్పు పడుతుంది. తుప్పు ముదిరితే డిస్కు మీద గుంటలు పడుతాయి. క్యాలిపర్ పిన్నులు బిగుసుకొని ఒక చక్రం పట్టి, మరొక చక్రం పట్టక, పరీక్ష యంత్రం మీద కుడి-ఎడమల తేడా బయటపడుతుంది.

ఇంత వానా ఇంత ఉప్పూ ఒకే చోట కలిసిన ప్రదేశాలు మన దేశంలో అరుదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం దిగుతుంది. ఊరంతా ఎత్తుపల్లాలు, పల్లానికి దిగేటప్పుడు రీజెన్ మరీ ఎక్కువ పనిచేస్తుంది. చిడియా టాపు, వండూరు వంటి చోట్లకు సవారీ పోయిన బండి సముద్రపు ఒడ్డున గంటల తరబడి నిలబడుతుంది. ఇటువంటి బండి ఒకదానిని జాకీ ఎత్తి చూపగా చూచాను. ప్యాడు మందం కొత్తదానివలె ఉన్నది, డిస్కు మాత్రం పాత లంగరు వలె ఉన్నది. యజమాని ఆశ్చర్యపడి, "బ్రేకే వెయ్యను కదండీ" అన్నాడు. వేయకపోవడమే దాని జబ్బు.

బరువు సంగతి కూడ మరువరాదు. బ్యాటరీ కారణంగా విద్యుత్ కారు అదే తరగతి పెట్రోలు కారుకంటె 150 కిలోలకు పైగా బరువు తూగుతుంది. మోటారు మొదటి క్షణం నుండే పూర్తి బలం ఇస్తుంది. ఆ భారం టైర్ల మీద, బుష్‌ల మీద, లింకు రాడ్ల మీద పడుతుంది. గతుకుల రోడ్డు మీద ఇవి ముందుగా అరగడంలో వింతేమీ లేదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. వారానికొకసారి, వెనుక ఎవరూ రాని చోట చూచుకొని, రీజెన్ తగ్గించి, మామూలు బ్రేకును నాలుగైదుసార్లు గట్టిగా తొక్కవలెను. సముద్రతీరానికి పోయివచ్చిన రోజున మంచినీటితో చక్రాలను, అడుగుభాగాన్ని కడగవలెను. కడిగిన తరువాత కొంతదూరం బ్రేకులు వాడుతూ నడిపి ఆరనివ్వవలెను. సంవత్సరానికొకసారి క్యాలిపర్ విప్పించి, పిన్నులకు తగిన గ్రీజు పెట్టించవలెను. దీపాలకు, హారనుకు, వైపరుకు ఆధారమైన చిన్న 12 వోల్టుల బ్యాటరీని కూడ చూపించవలెను. పెద్ద బ్యాటరీ గురించి అడిగేవారు వందమంది ఉంటే ఈ చిన్నదానిని అడిగేవారు ఒక్కరూ ఉండరు.

ఇక వాయిదాల లెక్క. 10 లక్షల రూపాయల ఋణం, 10 శాతం వడ్డీ, 5 సంవత్సరాలు అనుకొందాం. నెలవారీ వాయిదా 21,247 రూపాయలు, అనగా రోజుకు 700 రూపాయల పైమాట. పరీక్షలో బండి ఆగిపోయి, దానికి కావలసిన డిస్కు స్థానికంగా దొరకలేదనుకొందాం. విశాఖ నుండి ఓడ రావడానికే మూడు రోజుల వరకు పడుతుంది, ఓడ ఏ రోజున బయలుదేరుతుందో అది వేరే సంగతి. పదిహేను రోజులు బండి నిలిస్తే 10,600 రూపాయల వాయిదా భాగం రాబడి లేకుండా నెత్తిన పడుతుంది. ప్రధాన భూభాగంలో ఇది ఒక పూట పని. ఇక్కడ అదే పని అర నెల వాయిదా.

అందుచేత బండి ఏ నెలలో రిజిస్టరు చేయించాలన్నది కూడ ఆలోచించవలసిన విషయమే. పండుగకని డిసెంబరులో కొన్న టాక్సీకి ఎఫ్.సి. గడువు మళ్లీ డిసెంబరులోనే వస్తుంది, సరిగ్గా యాత్రికులు ముమ్మరంగా ఉండే రోజులలో. వానకాలంలో సవారీలు తక్కువ. గడువు ఆ నెలలలో పడేటట్లు చూచుకొంటే బండి నిలిచినా నష్టం స్వల్పం. ఇప్పటికే డిసెంబరు గడువు ఉన్నవారు సెప్టెంబరులోనే బండిని ఎత్తి చూపించుకొనవలెను.

డీలర్లతో ఒక మాట. "మెయింటెనెన్సు లేదు" అన్న ప్రచారం అమ్మకానికి పనికివస్తుంది కాని, మూడవ సంవత్సరంలో మీ దుకాణం ముందు నిలబడేది ఆ కొనుగోలుదారే. డిస్కులు, ప్యాడ్లు, క్యాలిపర్ కిట్లు, లింకు రాడ్లు దీవిలోనే నిలువ ఉంచుతామని కొటేషనులో వ్రాసి ఇవ్వండి. ఈ వ్రాతను, ఏటేటా బ్రేకు తనిఖీ చీటీని బ్యాంకు శాఖలు ఋణపత్రాలతో పాటు అడగవలెనని నేను కోరుతాను. ఋణగ్రహీతకు ఇది మరొక కాగితపు భారమని ఆక్షేపించేవారున్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు, ఇప్పటికే కాగితాలు చాలానే ఉన్నాయి. అయినను బీమా కాగితం అడిగే మనం, ఆ బీమా ఎవరి ప్రాణానికి అక్కరకు వస్తుందో ఆ బ్రేకును అడగకపోవడం నాకు సమంజసంగా తోచదు. 2020 దశకం ఆరంభంలో పోర్ట్ బ్లెయిర్‌లో విద్యుత్ బస్సులు ప్రవేశపెట్టినప్పుడు వాటి వెనుక ఒక పెద్ద సంస్థ, డిపో ఉన్నాయి. ఒంటి బండి యజమానికి ఉన్నది ఆ చీటీ మాత్రమే. (ఇక్కడి కరెంటు చాలభాగం డీజిలు జనరేటర్ల నుండే వస్తుంది గదా, విద్యుత్ బండి వలన ఏమి ప్రయోజనమన్న వాదన వేరు. దానిని మరొకప్పుడు చర్చించవచ్చు.)

చివరగా పాత బండ్లు కొనేవారి సంగతి. 62వ నియమం పట్టికలో బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే అంశం లేదు. 2022లో స్కూటర్లు తగలబడిన తరువాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేశారు, కాని అవి కొత్త నమూనాల ఆమోదానికి సంబంధించినవి. వాడుకలో ఉన్న బండికి విద్యుత్ సంబంధమైన పరీక్షలు చేర్చాలని ఐరోపా కమిషను 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించినది. ఇక్కడ మాత్రం బ్యాటరీ శక్తి ఎంత తగ్గినా బ్రేకులు, దీపాలు బాగుంటే ఎఫ్.సి. వస్తుంది. పలు కంపెనీలు కార్ల బ్యాటరీకి ఇచ్చే హామీ 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఎఫ్.సి. ఏటేటా తప్పనిసరి అయ్యేది కూడ 8 సంవత్సరాలకే. అనగా బండికి పరీక్షలు పెరిగే ఏడాదే దాని హామీ ముగుస్తుంది. ఏడవ సంవత్సరంలో ఒక బండి చవకగా అమ్మకానికి వచ్చినదంటే, ఎఫ్.సి. చూపగానే బయానా ఇవ్వకండి. కంపెనీ సర్వీసు కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించండి, పూర్తిగా ఛార్జి చేయించి చిడియా టాపు వరకు మీరే నడిపి, తిరిగి వచ్చిన తరువాత ఎంత శాతం మిగిలినదో కాగితం మీద వ్రాసుకొని, అప్పుడు ధర మాట్లాడండి.