సముద్రమున గలియు నీరు వృథాయా?

“నదీజలము సముద్రము పాలై వృథా యగుచున్నది” అను మాట మన సభలలో తఱచుగా వినబడుచున్నది. ఇట్టి తలంపే యొక సముద్రమును జంపినదని పాఠకలోకమునకు విన్నవింపగోరుచున్నాము.

కజకస్థాన్, ఉజ్బెకిస్థాన్ దేశముల నడుమ నున్న ఆరల్ సముద్రము 1960 నాటికి దాదాపు 68,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలిగి, ప్రపంచపు సరస్సులలో నాలుగవదిగా నుండెను. ఆమూ, సిర్ నదులే దానికి ప్రాణాధారము. సోవియెట్ ప్రభుత్వము ప్రత్తిపంటకై యా నదులను ఎడారిభూములకు మళ్ళించెను. మట్టికాలువలలో నింకిపోయిన నీటికి లెక్క లేదు. 1987 నాటికి సముద్రము రెండుగా చీలెను. 2014లో దక్షిణభాగపు తూర్పు మడుగు పూర్తిగా నెండిపోయెను.

ఫలమేమి? ఉప్పు హెచ్చి చేపలు నశించెను. వేలకొలది బెస్తవారి జీవనము పోయెను. మొయ్నాక్ రేవున తుప్పుపట్టిన యోడలు ఇసుకపై బడియున్నవి. పొలములనుండి వచ్చి యడుగున జేరిన పురుగుమందులు ఉప్పుతో గలసి గాలికెగసి కరకల్పక్ ప్రజల రొమ్ములలో జేరుచున్నవి. ఎండయు చలియు తీవ్రమయ్యెను. ఏ ప్రత్తికై యింత చేసిరో యా చేలే చవుడుబారినవి!

దీనిని దైవోపద్రవమందురా? నదులు పుట్టుట మానలేదు. ఆజ్ఞ మాస్కోది, ప్రత్తి మిల్లులది, ధూళి మాత్రము తీరవాసులది. వారి నెవ్వరడిగిరి? 1991లో ఆ దేశములు స్వతంత్రములయ్యెను. ఐనను నీరు ప్రత్తిచేలకే పాఱుచుండెను. ప్రభువులు మాఱి పద్ధతి మాఱనిచో ప్రజలకు దక్కినదేమి?

“పంట లేక జనులెట్లు బ్రదుకుదురు?” అని కొందఱడుగుదురు. పంట మానుడని మేమనుట లేదు. కాలువల నీరింకిపోకుండ గాపాడుడు. నదికి దాని పాలు విడువుడు. ఇది కలలోని మాట కాదు. 2005లో కజకస్థాన్ ప్రపంచబ్యాంకు సాయముతో కోక్-ఆరల్ కట్టను నిర్మించి, సిర్ నీటిని ఉత్తరభాగమున నిలిపెను. నీటిమట్టము పెరిగెను, ఉప్పు తగ్గెను, చేపలు మరలివచ్చెను. కాని యది మిగిలిన తునుకకు మాత్రమే రక్ష. పోయిన సముద్రము మరల రాలేదు.

కృష్ణా గోదావరుల నోళ్లయొద్ద మంచినీరు తగ్గినచో ఉప్పునీరు పైకెగబ్రాకునని మన తీరవాసు లెఱుగుదురు. సముద్రమున గలియు నీరు చేపకు ప్రాణము, మడయడవికి పాలు, తీరగ్రామపు బావికి కావలి. అది వృథాయని తీర్మానించు పెద్దలు ముందుగా నా బావినీటిని రుచిచూచి రావలయును.