కొరమీనా, బెల్లమా?

మృగశిర కార్తె ప్రవేశించు దినమున నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున జరుగు చేపప్రసాద వితరణము మన నగరమునకు వింత గాదు. ఉబ్బసముతో బాధపడువారు దేశము నలుమూలలనుండి వచ్చి బారులు తీరుదురు. పసుపువన్నె మందుముద్దను బ్రతికియున్న కొరమీను పిల్లనోట నుంచి రోగిచే మ్రింగింతురు. 1845లో ఒక సాధువు తమ పూర్వునకు ఈ మందు నుపదేశించెనని బత్తిని వంశీయులు చెప్పుదురు. వారు దీనిని ఉచితముగనే ఇచ్చుచున్నారు. కోవిడ్ కారణమున నిలిచిపోయిన ఈ వితరణము 2023లో మరల ఆరంభమైనది. దీనివలన ఉబ్బసము కుదురునని వైద్యశాస్త్రము నిరూపింపలేదు. ఆ వివాద మటుండనిండు. మేము విచారింపదలచినది వేరు.

శాకాహారులకు చేపకు మారుగా బెల్లముతో మందు నిచ్చు ఏర్పాటు అచ్చట కలదు. అయినను చేపలోనే గుణమున్నదని నమ్మి, ఆజన్మవ్రతమును ఆ యొక్కనాటికి ప్రక్కకు నెట్టువాడు లేకపోడు. వానిని పరిహసించుటకు మాకు నోరు రాదు. ఊపిరాడని రాత్రి యెట్టిదో రోగికే తెలియును. కాని కొరమీనును నీటిపైకి వచ్చి గాలి పీల్చి బ్రతుకు జీవియే గదా!

ఈ ధర్మసంకటము మహాత్ములకును తప్పలేదు. పాలు ముట్టనని వ్రతము పట్టిన గాంధీజీ, 1918లో ఖేడా జిల్లాలో జబ్బుపడిన పిమ్మట మేకపాలు త్రాగెను. వ్రతము పట్టునాడు ఆవు, గేదెలే మనస్సున నుండెనని సమాధానము చెప్పుకొనెను. అయినను వ్రతముయొక్క అక్షరమును కాపాడి ఆత్మను విడిచితినని ఆత్మకథలో దాచక వ్రాసెను. మినహాయింపు పొందినవాడు దానిని ధర్మమని చాటరాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

చట్టము ఈ చిక్కును విప్పజాలదు. 1950 నాటి చట్టము ఆలయ ప్రాంగణములందును, బహిరంగ ఉత్సవములందును జంతుబలిని నిషేధించినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము అనవసర బాధను నేరమనుచు, మతము విధించిన పద్ధతిని వధించుటను 28వ సెక్షనులో మినహాయించినది. ఏది శిక్షార్హమో న్యాయస్థానము చెప్పును; ఏది దయయో మనమే తేల్చుకొనవలెను.

నాంపల్లి దాటి ఆబిడ్సు చేరినచో, శాకభోజనమునకు పేరొందిన తాజ్ మహల్ హోటలును, బిరియానికి పేరొందిన గ్రాండ్ హోటలును ఆ ప్రాంతముననే కానవచ్చును. ఇరుతెగలవారును ఒకే వీథిని నడచుచున్నారు. ఇందు ఒకరి విస్తరిని జూచి యొకరు కులమెంచుట, మతమెంచుట అహింస కానేరదు. తన ఊపిరికై చేపను మ్రింగినవాడు, తన మతవిధిని బట్టి బక్రీదునాడు ఖుర్బానీ చేయు పొరుగువానిని క్రూరుడనుట యే న్యాయము?

అట్లని మాంసాహారికి బాధ్యత లేదనుట లేదు. జంతువును అనవసరముగ హింసింపరాదని, కత్తి పదునుగా నుండవలెనని ఇస్లాము శాసించినది. బోనాలలో మేకకు మారుగా గుమ్మడికాయను సమర్పించువారు మన యిండ్లలోనే కలరు. ప్రతి మతమును తన యింటిలోనే దయకు త్రోవ చూపినది; పరుల యింటికి కాపలా పెట్టలేదు.

కావున రాబోవు మృగశిరకు మా మనవి యిది. రోగులు వైద్యుని మందు మానరాదు. నమ్మకము విడువలేనివారు బెల్లముతోనే పుచ్చుకొందురు గాక! ఇచ్చువారే అంగీకరించిన మార్గముండగా, ఒక ప్రాణి నేల బలిగొనవలె? దయను పొరుగువానికి బోధించుటకు ముందు మన నాలుకకు నేర్పుదము.