పై పొర వద్దు, వీధిని అడుగు నుంచి కట్టించుకుందాం



నల్లకుంటలోని మన వీధికి మళ్లీ సీసీ రోడ్డు వేయబోతున్నారు. ఉన్న రోడ్డు మీదే ఇంకో పొర పోసి, నాలుగు రోజులు నీళ్లు కట్టి, వెళ్లిపోతారు. దీనికి మనం ఒప్పుకోకూడదు. రోడ్డు అక్కర్లేదని కాదు. ఈ వీధికి వయసు మీద పడింది. దీన్ని మళ్లీ కట్టాలి. ఆ పని మట్టి కింద మొదలై పైకి రావాలి.

ఒక పొర సీసీ అంటే దాదాపు అరడుగు మందం. ఇలాంటివి పడుతూ పడుతూ వీధి మట్టం అడుగుకు పైగా లేచింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగుల ఇళ్లలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్తున్నాం. గేట్లు కాంక్రీటుకు రాసుకుంటుంటే కింది చువ్వలు కోయించుకున్నాం. సంపు మూత చుట్టూ రెండు వరుసల ఇటుకలు పేర్చి పైకి లేపుకున్నాం. రోడ్డు లేచిన ప్రతిసారీ మ్యాన్‌హోల్‌కు మెడ పెంచారు తప్ప, దాని లోపలేముందో చూసినవారు లేరు. నీరు పల్లమెరుగు అంటారు. ఈ వీధిలో ఇప్పుడు పల్లమంటే మన ఇళ్లే.

2020 అక్టోబరు 13 నాటి వానకు హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న పేటలు ఎలా మునిగాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకమే వచ్చింది, మంచిదే. కానీ నాలా ఎంత బాగుపడినా, గడప కంటే వీధి ఎత్తుగా ఉన్నంతకాలం మామూలు శ్రావణమాసపు వానకు కూడా ఇళ్లలోకి నీళ్లు వస్తాయి.

ఇక అసలు ప్రమాదం కంటికి కనపడనిది. మన కింద ఉన్న డ్రైనేజీ గొట్టాలు చాలావరకు పాత స్టోన్‌వేర్ పైపులు. అతుకుల దగ్గర పగుళ్లు, ఆ పగుళ్లలో చెట్ల వేళ్లు, పైన లారీల బరువు. ఒకటి రెండు అంతస్తుల ఇళ్ల కోసం వేసిన లైను మీద ఇప్పుడు అయిదంతస్తుల అపార్టుమెంట్లు ఆధారపడ్డాయి. వాటి పక్కనే, కొన్నిచోట్ల వాటిని దాటుకుంటూ, మంచినీటి పైపులు వెళ్తున్నాయి. మనకు నల్లా వచ్చేది రోజుకో, రెండు రోజులకో కాసేపే. నీళ్లు రానంతసేపు పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు చిల్లున్న పైపు చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాగేసుకుంటుంది. నల్లా విప్పగానే మొదట వచ్చే ఆ పసుపు నీరు, ఆ వాసన అదే. 2009 మే నెలలో, మనకు దగ్గర్లోని భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీరు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పైపుల మీదే కాంక్రీటు పోసి మూసేస్తే, రేపు పగిలినప్పుడు కొత్త రోడ్డునే తవ్వాలి. తవ్వింది సరిగా పూడ్చరు. ఆ గుంతలో స్కూటర్లు పడతాయి.

ఇంకో మాట బాధతో చెప్పాలి. పాత లైను పూడుకుపోయినప్పుడల్లా ఎవరో ఒకరిని మ్యాన్‌హోల్‌లోకి దించుతున్నారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. యంత్రంతో శుభ్రం చేయడానికి వీలైన కొలతల్లో లైను, మ్యాన్‌హోళ్లు వేస్తే ఆ అవసరమే రాదు. వీధిని మళ్లీ కట్టమనడానికి నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు.

పని వరుస ఇలా ఉండాలి. ముందు వీధి మట్టం, గడపల మట్టం కొలిపించి కాగితం మీద పెట్టాలి. పాత కాంక్రీటు తవ్వి తీసేయాలి. అన్నిటికంటే లోతున డ్రైనేజీ, వాననీటికి వేరే కాలువ, వాటికంటే పైన, వీలైనంత దూరంగా మంచినీటి పైపు, ఆ తర్వాత కేబుళ్ల కోసం ఖాళీ గొట్టాలు. వీటన్నిటినీ పరీక్షించాకే రోడ్డు. ఆ రోడ్డు అతి తక్కువ ఎత్తున్న గడప కంటే కిందే ఉండాలి. రోడ్డు వేసేవారొకరు, పైపులు వేసేవారొకరు, స్తంభాలు పాతేవారొకరు కాబట్టి, ముగ్గురూ ఒకే ఎస్టిమేటు మీద, ఒకే తేదీల పట్టిక మీద సంతకం చేస్తే తప్ప ఇది జరగదు.

గొంతెమ్మ కోరిక అనేవారుంటారు. కాదు. రోడ్డు మట్టం పెరగకుండా పాత పొర చెక్కి తీశాకే కొత్తది వేయాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో స్పష్టంగా ఆదేశించింది. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో రెసిడెన్సీ రోడ్డు లాంటివాటిని తవ్వి, పైపులు, కేబుళ్లు ఫుట్‌పాత్‌ల కిందికి మార్చి మళ్లీ కట్టారు. ఖర్చు ఎక్కువైందన్న విమర్శ వచ్చింది, అందులో నిజముంది. మనకు ఆ గ్రానైటు రాళ్లు, ఆ హంగులు అక్కర్లేదు. కింద పని ముందు, పైన పని తర్వాత అన్న ఆ క్రమం చాలు.

వెడల్పు చేయమని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. అరుగులు, ప్రహరీలు కూల్చి తెచ్చిన జాగాలో కార్లు నిలబడతాయి తప్ప మనుషులు నడవరు. 30 అడుగుల వీధి అంటే 9 మీటర్లు. నివాస వీధుల్లో ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. రెండు వైపులా అంత వదిలినా నడుమ 5.4 మీటర్లు మిగులుతుంది. కార్లు అడ్డదిడ్డంగా పెట్టకపోతే ఫైరింజన్ కూడా వస్తుంది. వీధి సన్నబడ్డ చివరి భాగంలో ఫుట్‌పాత్ గట్టు అక్కర్లేదు, అంతా ఒకే మట్టంలో ఉంచి బళ్ల వేగం తగ్గిస్తే చాలు. చక్రాల కుర్చీ వచ్చే వాలు మాత్రం అంతటా కావాలి. ఫీవర్ ఆస్పత్రికి వెళ్లే రోగులు కూడా ఈ దారినే నడుస్తారు.

కానుగ చెట్ల మొదళ్ల దాకా కాంక్రీటు పోశారు, చూడండి. బెరడు కాంక్రీటును ఒరుసుకుని ఉబ్బిపోయింది. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. మనమూ అంత మట్టి వదిలించాలి. ఆ నీడన నిలిచే ఇస్త్రీ బండికి, కూరగాయల బండికి ప్లానులోనే చోటు గీయించాలి. 2014 వీధి విక్రేతల చట్టం వారికి రక్షణ ఇచ్చింది. పని జరిగే రోజుల్లో వారి జీవనం పోకూడదు.

మన వంతూ ఉంది. డాబాల మీది వాననీటి పైపును డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలిపినవాళ్లం చాలామందిమి. వానాకాలం మురుగు పొంగడానికి పెద్ద కారణం అదే. ఆ పైపులు విడదీయాలి. రోడ్డు మీదికి నాలుగడుగులు చొచ్చుకొచ్చిన గేటు ర్యాంపులు మనమే కోసుకోవాలి. అధికారులను అడిగే ముందు మనం చేసి చూపిద్దాం.

పని నవంబరులో మొదలుపెట్టి మే లోపల ముగించాలని, వీధిని రెండు సగాలుగా చేసి ఒకటయ్యాకే రెండోది తవ్వాలని, అప్పటిదాకా నీటి ట్యాంకర్లు పంపాలని అడుగుదాం. ఎస్టిమేటు, కాంట్రాక్టరు పేరు, గ్యారంటీ గడువు రాసిన బోర్డు వీధి మొదట్లో ఉండాలి. బోర్డు పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, మెజర్‌మెంట్ బుక్ నకళ్లు తీసుకుందాం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు వీధి మధ్య కానుగ చెట్టు దగ్గర కూర్చుందాం. ఇంటికొకరు తప్పక రండి. అద్దెకున్నవారూ రండి, ఆ నల్లా నీళ్లు తాగేది మీరూ మీ పిల్లలే. మీ గడప రోడ్డుకు ఎంత కిందుందో టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని తెండి. ఆ కొలతలన్నీ జతచేసి, సంతకాలతో మన అర్జీని సోమవారం వార్డు కార్యాలయంలో ఇద్దాం. కంకర లారీ రాకముందే ఇవ్వాలి.

– మన వీధి నివాసి