ఆరింటికి గేటు మూస్తే ఆడబిడ్డ ఎప్పుడు చదువుకోవాల?

కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. తెలుగు అక్షరం రానివాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

సింగానల్లూరులో మన ఆడబిడ్డలకు హాస్టల్ పెట్టాలన్న తీర్మానం మంచిది. మదురై, విరుదునగరం పక్క పల్లెల నుంచి కోవైకి చదవడానికి వచ్చే మన పిల్లలకు ఒక చోటు కావాల. చందా మేమూ ఇచ్చినాము, ఇంకా ఇస్తాము. కానీ గ్రూపులో పెట్టిన నిబంధనలు చూసినాక ఊరుకోలేకపోతున్నాము. నాలుగో నిబంధన ఏమంటుంది? సాయంత్రం ఆరింటికి గేటు మూస్తారు. ఆలస్యమైతే ఇంటికి ఫోను. మూడుసార్లు ఆలస్యమైతే సీటు పోతుంది. మగపిల్లల హాస్టల్లో గేటు రాత్రి పదింటికి మూస్తున్నాము. ఇద్దరూ చదివేది ఒకే పాఠం, రాసేది ఒకే పరీక్ష. ఈ నాలుగు గంటల తేడా ఎందుకని మా ప్రశ్న.

ఈ గేటు కథ కొత్తది కాదు. విశాఖపట్నంలో 1864లో పుట్టిన మన తెలుగు అమ్మాయి యానీ వార్డ్‌లా జగన్నాథం. నాయన పులిపాక జగన్నాథం మిషన్ పాస్టరు. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే ఆడవాళ్లను చేర్చుకున్నది. యానీ అక్కడ చదివి, 1888లో స్కాట్లండులోని ఎడిన్‌బరోకు పోయింది. మన కోవైలో స్టేన్స్ దొర మిల్లు పుట్టిన ఏడాది కూడా అదే. యానీ చేరింది ఆడవాళ్ల కోసమే పెట్టిన వైద్య కళాశాలలో. 1886లో దాన్ని స్థాపించినది సోఫియా జెక్స్-బ్లేక్ అనే డాక్టరమ్మ.

ఆ కళాశాలలో ఆడపిల్ల రోజు ఎట్ల గడిచేదో చూడండి. పాఠాలు సర్జన్ స్క్వేర్‌లో. ఊళ్లోని పెద్దాసుపత్రి ఆ రోజుల్లో ఆడ విద్యార్థులను వార్డుల్లోకి రానివ్వదు. రోగి పక్కన నిలబడి నేర్చుకోవాలంటే సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, లీత్ రేవులో ఉన్న ఆసుపత్రికి పోవాల. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు కుంకే ఊరు అది. ఇంత చదివినా అక్కడి విశ్వవిద్యాలయం 1894 దాకా ఆడవాళ్లకు వైద్య పట్టా ఇవ్వలేదు. అందుకని వైద్యుల సంస్థలు పెట్టే లైసెన్సు పరీక్ష రాయాల. మన యానీ 1890లో ఆ పరీక్ష గెలిచింది.

ఆ లీత్ ఆసుపత్రిలోనూ ఒక గడియారం నిబంధన ఉండేది. సాయంత్రం ఐదు దాటితే విద్యార్థినులు ఉండకూడదు. 1888లో కొందరు విద్యార్థినులు తలకు దెబ్బ తగిలిన రోగిని చూస్తూ ఆ వేళ దాటి ఉండిపోయినారు. తిరగలేదు, సినిమాకు పోలేదు, రోగిని చూసినారు. గొడవ ముదిరి కాడెల్ అక్కచెల్లెళ్లను కళాశాల నుంచి తీసేసినారు. వాళ్లు కోర్టుకు పోయి గెలిచినారు. 1889లో ఎల్సీ ఇంగ్లిస్ అనే విద్యార్థిని, ఇంకొందరు కలిసి వేరే కళాశాలే పెట్టుకున్నారు. జెక్స్-బ్లేక్ కళాశాల 1898లో మూతపడింది.

ఇందులో మనం చూసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ జెక్స్-బ్లేక్ ఎవరు? 1870లో తోటి ఆడవాళ్లతో పరీక్షకు పోతుంటే, మగ విద్యార్థుల గుంపు బురద చల్లి, ముఖం మీద గేటు మూసింది. ఆ గేటు దాటి లోపలికి పోయిన మనిషే, పద్దెనిమిదేళ్ల తరువాత తన పిల్లల మీద గడియారం పెట్టింది. చెడ్డతనంతో కాదు, భయంతో. ఒక్కరు గీత దాటితే ఆసుపత్రివాళ్లు అందరికీ తలుపు మూస్తారేమోనని. మన పెద్దల మనసులో ఉన్నదీ అదే భయం. ఒక పిల్ల గురించి ఒక మాట పుడితే పల్లెల్లో పదిమంది పిల్లల చదువు ఆగిపోతుందని. ఆ భయం మాకు అర్థం కాక రాయడం లేదు. కానీ ఆ భయానికి వెల కట్టేది ఎప్పుడూ పిల్లలే.

ఇక్కడి లెక్క చూడండి. ల్యాబు నాలుగున్నరకు ముగుస్తుంది. గాంధీపురంలో బస్సు దొరికి, త్రిచ్చి రోడ్డు ట్రాఫిక్కు దాటి సింగానల్లూరు చేరేసరికి ఆరు. లైబ్రరీకి నిమిషం లేదు. పొద్దుపోయే దాకా ల్యాబు ఉండే చదువు తీసుకోవాలంటేనే పిల్ల జంకుతుంది. ఏ చదువు చదవాలో నిర్ణయించేది ఆమె తెలివి కాదు, మన గేటు.

భద్రత అంటారు. సరే, బస్టాండు నుంచి హాస్టల్ దాకా వీధి దీపాలు పెట్టించండి, రాత్రి కాపలాకు ఒక అక్కను పెట్టండి. ఆరున్నరకు వచ్చిన పిల్లను గేటు బయట నిలబెట్టడం భద్రత ఎట్లవుతుంది?

పరువు అంటారు. చీకటి విడవకముందే సంగు విని మిల్లుకు పోయిన అవ్వలు మన ఇళ్లల్లో లేరా? కూలికి పోయినప్పుడు అడ్డం రాని చీకటి, చదువుకు పోతే అడ్డం వస్తుందా?

యానీ ఏమైంది అని కూడా అడుగుతారు. బొంబాయి కామా ఆసుపత్రిలో పనిచేసి, క్షయతో 1894లో ముప్పై ఏళ్లకే పోయింది. దూరం పోయినందుకే అనకండి. మందు లేని ఆ కాలంలో ఇల్లు కదలని వాళ్లనూ క్షయ వదల్లేదు.

పీలమేట్లో 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ, 1963లో కృష్ణమ్మాళ్ మహిళా కళాశాల పెట్టినవాళ్లు మనవాళ్లేనని ప్రతి సభలోనూ చెప్పుకుంటాము. చెప్పుకోవాల్సిందే. వాళ్లు తలుపు తెరిచినారు. వాళ్ల పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకునే మనం గేటుకు తాళం వేయకూడదు.

మేము అడిగేది ఇదీ. నాలుగో నిబంధన కొట్టేయండి. ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా గేటు వేళ ఒకటే పెట్టండి. ల్యాబు, లైబ్రరీ, ట్రైనింగు ఉన్న రోజు ఆలస్యమైతే తప్పుగా రాయకండి. ఆలస్యంగా వచ్చే పిల్లకు అన్నం, చారు మూతపెట్టి ఉంచమని వంటవాళ్లకు చెప్పండి. హాస్టల్ కమిటీలో చదువుకునే పిల్లలు ఇద్దరుండాల. ఈ నిబంధనలు రాసిన కమిటీలో ఒక్క ఆడపిల్ల కూడా లేదు, ఎవరినీ అడగనూ లేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మాట మేమే లేవదీస్తాము. ఒప్పుకోనివాళ్లు అక్కడికొచ్చి ఎదురుగా చెప్పండి, వింటాము. ఒప్పుకునేవాళ్లు ఇక్కడ లైకు కొట్టి ఊరుకోకండి, వచ్చి చెయ్యెత్తండి. వచ్చేటప్పుడు ఇంట్లో చదువుకునే పిల్లను వెంట తీసుకురండి. ఆ గేటు లోపల ఉండబోయేది వాళ్లే.