సీప్యాప్ కొంటున్నారా? యాప్ కంటే ముందు ట్యూబ్ చూడండి

పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేట, తడ వైపు ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు. ఏసీ 18లో పెట్టి, స్లీప్ ఆప్నియా కోసం సీప్యాప్ తగిలించుకుని పడుకుంటే ఇంకో తంటా. హ్యూమిడిఫైయర్ పంపే వెచ్చని తేమగాలి చల్లబడ్డ ట్యూబ్‌లో నీళ్లయిపోతుంది. ముక్కు దగ్గర గుడగుడ, నిద్ర ఫట్. విసుగొచ్చి మాస్క్ పీకేస్తే వేలు పోసి కొన్న మెషీన్ దండగే కదా!

నేనైతే బ్లూటూత్, స్లీప్ స్కోర్ కంటే హీటెడ్ ట్యూబ్‌కే డబ్బులు పెట్టమంటా. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10కి క్లైమేట్‌లైన్ ఎయిర్ ట్యూబ్ తగిలిస్తే వేడి, తేమ రెండూ ఆటోలో అదే చూసుకుంటుంది. కొనేముందు మాత్రం ఏసీ 26కి పెంచి, హ్యూమిడిటీ ఒక లెవెల్ తగ్గించి చూడండి. మెషీన్‌ని మంచం కంటే కిందికి దించండి, నీళ్లు ముక్కు వైపు రాకుండా వెనక్కి జారతాయి. ట్యూబ్‌కి గుడ్డ తొడుగు వేసినా కొంత నయం. ప్రెజర్ సెట్టింగ్ జోలికి మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వెళ్లొద్దు.