పాత మెదక్ పెద్దలు

న్యాల్‌కల్ నుంచి సిద్దిపేట దాకా పరుచుకున్న పాత మెదక్ జిల్లా 2016లో మూడు జిల్లాలైంది. అయినా దాని పెద్దలు అందరికీ ఉమ్మడి ఆస్తే. వారిలో అగ్రగణ్యుడు కొల్చారానికి చెందిన మల్లినాథసూరి. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశాలకు ఆయన ‘సంజీవని’ వ్యాఖ్య రాశారు. శ్లోకాన్ని విడదీసి, అన్వయం కూర్చి, నిఘంటువుల ఆధారంతో అర్థం తేల్చడం ఆయన పద్ధతి. నేటికీ కాళిదాసును చదివేవారికి ఆ వ్యాఖ్యే దిక్కు. సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య నకాషీ బొమ్మల ఒరవడిలో బోనాలను, పల్లె బతుకును చిత్రించారు. జహీరాబాద్ ఎమ్మెల్యేగా పనిచేసిన ఎం. బాగారెడ్డి 1989 నుంచి నాలుగుసార్లు మెదక్ ఎంపీగా గెలిచారు. పాండిత్యం, కళ, ప్రజాసేవ: ఈ మూడింటా జిల్లా పేరు నిలిపిన ఆ పెద్దలకే ఈ సంచిక అంకితం.