మెటా అనాలిసిస్ చెప్పిందట! మరి ఉద్దానం గుర్దాలను లెక్కపెట్టిందెవరు?

మొన్న టెక్కలిలో ఒక రిష్తేదార్ ఇంటికి వెళ్లాను. ఇంటిపెద్దకు వారానికి రెండుసార్లు డయాలసిస్. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోగానే వాళ్ల అల్లుడు ఫోన్ చూపించాడు. ఏదో చూర్ణం. "భాయ్‌జాన్, ఇది మామూలు నుస్ఖా కాదు. మెటా అనాలిసిస్‌లో సాబిత్ అయింది. ఇక డయాలసిస్ బంద్ చేసెయ్యొచ్చట!"

ఎన్ని స్టడీలు కలిపారు, ఎవరి మీద చేశారు అని అడిగాను. జవాబ్ లేదు. "మెటా అనాలిసిస్ అంటున్నారు కదా" అన్నాడు మళ్లీ, ఖాజీగారి ఫైస్లా వినిపించినట్టు.

నా గుస్సా ఆ అబ్బాయి మీద కాదు. మామగారి జాన్ కోసం దొరికిన ప్రతి కొమ్మా పట్టుకుంటున్నాడు పాపం. ఆ మాటను మొహర్‌లా గుద్ది పొడి అమ్ముకునేవాడి మీద నా గుస్సా. రివాయత్ వినగానే రావీ ఎవరని అడిగే ఇల్మ్ మన బుజుర్గులది. ఫోన్‌లో వచ్చినదాన్ని మాత్రం ఎవరన్నారని కూడా అడగం.

సంగతి ఇది. ఒకే సవాల్ మీద వేర్వేరు చోట్ల చేసిన స్టడీలన్నీ వెతికి, పెద్దదానికి ఎక్కువ వజన్, చిన్నదానికి తక్కువ వజన్ ఇచ్చి, అంకెలను ఒకే లెక్కలో కలపడం. 1976లో జీన్ గ్లాస్ దీనికి మెటా అనాలిసిస్ అని పేరు పెట్టాడు. బేకార్ పని కాదు, ప్రాణాలు నిలిపే పని. గుండెపోటుకు ఇచ్చే స్ట్రెప్టోకైనేజ్ మీద 1959 నుంచి 1988 దాకా 33 ట్రయల్స్ జరిగాయి. 1992లో అవన్నీ వరసగా కలిపి చూస్తే, ఆ మందు మరణాలను తగ్గిస్తుందని 1973 నాటికే తేలిపోయి ఉండేదని బయటపడింది. ముందే కలిపి చూసిన నాథుడు లేక, ఆ తర్వాతి ట్రయల్స్‌లో కూడా వేలమందికి ఆ మందు అందలేదు.

కానీ పలాసలో జీడిపప్పు ఏరే ఏ ఆపానైనా అడగండి. పుచ్చుపప్పు ఏరకుండా డబ్బా నింపితే డబ్బా పెద్దదైనంత మాత్రాన సరుకు మంచిదవుతుందా? కరోనాలో ఐవర్‌మెక్టిన్‌కి జరిగింది అదే. 2021లో మెటా అనాలిసిస్‌లు వాహ్ వా అన్నాయి. వాటిలో కలిపిన ఈజిప్టు స్టడీ అంకెల్లో గోల్‌మాల్ కనిపించి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలాంటి అనుమానపు స్టడీలను తీసేసి మళ్లీ లెక్కేస్తే ఆ ఫాయిదా మాయమైంది. అప్పటికే మన ఇళ్లలో ఎంతమంది ఆ గోళీలు మింగేశారో!

ఇప్పుడు మన ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. 2019లో వచ్చిన ఒక స్టడీ ఇక్కడ నూటికి 18 మందికి గుర్దాల బీమారీ ఉందంది. 2020లో ఇంకొకటి 21 అంది. కారణం? నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి గోళీలన్నారు. ఏదీ పక్కాగా తేలలేదు. మెటా అనాలిసిస్ చేస్తే తేలిపోతుందా? ఒకసారే రక్తం తీసి లెక్కేసిన స్టడీ ఒకటి, మూడు నెలలాగి మళ్లీ తీసి ఖాయం చేసిన స్టడీ ఒకటి. రెంటినీ ఎలా కలుపుతారు? పైగా బీమారీ వచ్చాక వెళ్లి "ఇరవై ఏళ్ల కింద ఏ మందు కొట్టావు" అని అడిగితే ఎవరికి యాద్ ఉంటుంది?

సగటు చేసే జుల్మ్ ఇంకొకటి. 2019లోనే మన దేశంలోని మూడు సర్వేలను, దాదాపు 12,500 మందిని, కలిపి చూశారు. షుగరూ బీపీ లేకుండానే గుర్దాలు దెబ్బతిన్నవాళ్లు మొత్తంమీద 1.6 శాతం. అదే దక్షిణాది పల్లెల్లో 4.8. పరిశోధకులు ఈమాన్‌దారీగా రెండూ రాశారు. మొదటి అంకె దగ్గరే ఆగిపోయే పెద్దమనుషులకు మాత్రం ఆ పల్లెలు కనిపించవు.

కాబట్టి మనక్కావలసింది ఇంకో సగటు కాదు. ఇంకా ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి, ఊరూరా ఒకే పద్ధతిలో వెంట ఉండి చూసే తహ్కీఖ్. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల దవాఖానా, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ తెరిచారు. షుక్రియా. దవాఖానా ఇలాజ్ చేస్తుంది. రీసెర్చ్ అనే మాట బోర్డు మీదే ఉండిపోకూడదని అడగడం మన హక్.

సర్వేవాళ్లొస్తే తలుపు తీయమని నేను వజ్రపుకొత్తూరు వైపు ఒక ముసలమ్మకు చెప్పబోయాను. "ఏటి బాబూ, మా రగతం తీసుకెళ్లినోళ్లు మళ్లీ వచ్చి ఏటైందో సెప్పారేటి?" అంది. నోరు మూతపడింది. ఆ రక్తం అమానత్. రిపోర్టు ఆమె చేతికి ఆమెకర్థమయ్యే తెలుగులో అందకపోతే ఖయానత్. తలుపు తీయండి, ఆ రిపోర్టు కూడా అడిగి తీసుకోండి.

టెక్కలి అల్లుడితో చివరికి ఒకటే అన్నాను: ఆ పొడి పేరు డయాలసిస్ డాక్టర్‌కి చూపించు, ఆయన సరేననేదాకా డబ్బా తెరవకు, ఒక్క డయాలసిస్ కూడా తప్పనివ్వకు. మంగళవారం మామగారిని బండి మీద నేనే తీసుకెళ్తానన్నాను.